పిండశరీరంలో ఖండవిభజన: జన్యుసంకేతాల కాలనియమం

ఉపోద్ఘాతం

గర్భంలో శరీరం రూపొందేటప్పుడు ఏ అంగం ముందుగా ఏర్పడుతుంది అనే ప్రశ్న భారతీయ వైద్యశాస్త్రంలో మిక్కిలి ప్రాచీనమైనది. సుశ్రుతసంహిత శారీరస్థానం తృతీయాధ్యాయంలో ఈ విషయమై ఒక చిన్న వాదసభ కనిపిస్తుంది. శిరస్సే ముందని శౌనకుడు, హృదయమని కృతవీర్యుడు, నాభి అని పారాశర్యుడు, పాణిపాదాలని మార్కండేయుడు, మధ్యశరీరమని సుభూతి గౌతముడు చెప్పినట్లు పేర్కొని, ఆ మతాలన్నింటినీ ధన్వంతరి మతంతో ఆ గ్రంథం నిరాకరించింది. అంగప్రత్యంగాలన్నీ ఏకకాలంలోనే ఉద్భవిస్తాయనీ, అతిసూక్ష్మంగా ఉండటంవల్ల అవి కంటికి అందవనీ ధన్వంతరి సిద్ధాంతం. పండిన మామిడిలో పీచు, గుజ్జు, టెంక వేరువేరుగా కనిపిస్తాయి. లేత పిందెలో అవి ఉన్నా కనిపించవు. వెదురుమొలకకూ ఇదే న్యాయం వర్తిస్తుందని అక్కడ దృష్టాంతం. చరకసంహిత శారీరస్థానంలోనూ ఇటువంటి చర్చే జరిగి, యౌగపద్యవాదమే సిద్ధాంతంగా నిలిచినది.

ఈ చర్చలో రెండు ప్రశ్నలు కలిసి ఉన్నవి. మొదటిది, అంగాలు క్రమంగా పుడతాయా, ఒక్కసారిగా పుడతాయా అన్నది. రెండవది, వాటి రూపం, సంఖ్య ముందుగానే సూక్ష్మంగా నిక్షిప్తమై ఉన్నవా, కాలక్రమంలో సిద్ధిస్తాయా అన్నది. మొత్తం శరీరం విషయంలో ఈ ప్రశ్నలకు ఒకే సమాధానం చెప్పటం కష్టం. వెన్నెముక విషయంలో మాత్రం గడచిన అర్ధశతాబ్దంలో జీవశాస్త్రం స్పష్టమైన సమాధానం సాధించినది. వెన్నుపూసలకు మూలమైన ఖండాలు తలవైపు నుంచి తోకవైపుకు ఒకదాని తరువాత ఒకటిగా ఏర్పడతాయి. వాటి సంఖ్య ఎక్కడా ఒక అంకెగా వ్రాసిపెట్టి ఉండదు. లయబద్ధంగా నడిచే ఒక జన్యుక్రియ, నిలకడగా వెనుకకు జరిగే ఒక సరిహద్దు, ఈ రెండింటి కలయికవల్ల ఆ సంఖ్య సిద్ధిస్తుంది. ఈ కాలనియమాన్ని వివరించటం ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

పరిభాషావిచారం

ముందుగా ఒక పదం విషయంలో జాగ్రత్త అవసరం. సంస్కృతంలో పృష్ఠవంశం అంటే వెన్నెముక. వంశ శబ్దానికి వెదురు అనే అర్థం ఉండటంవల్ల, కణుపులు కణుపులుగా ఉన్న వెన్నుకు ఆ పేరు చక్కగా అమరినది. అయితే తెలుగు జంతుశాస్త్ర పాఠ్యగ్రంథాలలో పృష్ఠవంశం అనే మాటను నోటోకార్డ్ అనే అవయవానికి వాడుతున్నారు. నోటోకార్డ్ అంటే వెన్నెముక ఏర్పడక ముందు పిండం నడిమిగీతలో ఉండే మెత్తని దండం. అందుచేత ఒక ప్రాచీనగ్రంథాన్ని, ఒక ఆధునిక పాఠ్యగ్రంథాన్ని పక్కపక్కన ఉంచుకొని చదివే పాఠకుడు ఒకే మాటతో రెండు వేరు వస్తువులను పొరబడే ప్రమాదం ఉన్నది. ఈ వ్యాసంలో ఆ దండానికి నోటోకార్డ్ అని, ఎముకలతో కూడినదానికి వెన్నెముక అని వ్యవహారం.

వెన్నుపూసలకు, పక్కటెముకలకు, మొండెంలోని కండరాలకు, వీపు మీది చర్మపు లోపలి పొరకు మూలమైన పిండభాగాన్ని సోమైట్ అంటారు. తెలుగులో దీనికి కాయఖండం అనే మాట సరిపోతుంది. చేతులలోను, కాళ్ళలోను ఉండే కండరాలు సైతం ఈ కాయఖండాల నుంచి వలసపోయిన కణాలవల్లనే ఏర్పడతాయి.

గర్భోపనిషత్తు కలలం, బుద్బుదం, పిండం అనే క్రమాన్ని చెప్పి, ఐదవ నెలలో పృష్ఠవంశం ఏర్పడుతుందని పేర్కొన్నది. మానవపిండంలో కాయఖండాలు ఫలదీకరణం జరిగిన సుమారు ఇరవయ్యవ రోజున మొదలై, ఐదవ వారం ముగిసేసరికి 42 నుంచి 44 జతల వరకు పూర్తవుతాయి. ఈ రెండు లెక్కలను సమన్వయించటానికి అర్థాన్ని సాగదీయటం ఉభయశాస్త్రాలకూ న్యాయం కాదు. సూక్ష్మదర్శిని లేని కాలంలో వేసిన ప్రశ్న ఎంత లోతైనదో గుర్తించటమే ఆ గ్రంథాలకు తగిన గౌరవం.

కాయఖండాలు ఏర్పడే తీరు

కోడిగుడ్డును పొదిగించి, రెండవ రోజున పెంకు తెరచి చూస్తే, పిండం నడుమ నాడీనాళం ఒక సన్నని గీతవలె కనిపిస్తుంది. దానికి అటూ ఇటూ చిన్న చిన్న గింజలు జంటలుగా పేర్చినట్లు ఉంటాయి. ఇవే కాయఖండాలు. తలవైపున ఉన్నవి ముందు పుట్టినవి, తోకవైపున ఉన్నవి తరువాత పుట్టినవి. చివరి జంటకు వెనుక ఇంకా విభజన జరగని కణజాలం రెండు పట్టీలుగా ఉంటుంది. ఆ పట్టీ ముందుకొనలో కొన్ని కణాలు దగ్గరకు చేరి, గుండ్రని ముద్దగా విడివడి కొత్త ఖండం అవుతాయి. అదే సమయంలో తోకకొన వద్ద కొత్త కణాలు చేరుతూ ఉండటంవల్ల పట్టీ వెంటనే తరిగిపోదు.

ఈ ప్రక్రియలో గమనార్హమైనది దాని లయ. కోడిపిండంలో ప్రతి 90 నిమిషాలకు ఒక జంట ఏర్పడుతుంది. ప్రాచీనమానం ప్రకారం 24 నిమిషాల ఘడియతో కొలిస్తే ఇది మూడుముప్పావు ఘడియలు. జీబ్రాచేపలో సుమారు అరగంటకు ఒక జంట, ఎలుకలో సుమారు రెండు గంటలకు, అనగా ఐదు ఘడియలకు, ఒక జంట పుడుతుంది. ఒక జాతిలో ఈ వ్యవధి, మొత్తం ఖండాల సంఖ్య దాదాపు స్థిరం.

సంఖ్యాస్థిరత్వమనే సమస్య

స్థిరమైన ఈ సంఖ్యే శాస్త్రజ్ఞులకు చిక్కుప్రశ్న అయినది. బ్రిటన్‌కు చెందిన జోనాథన్ కుక్ 1975లో ఆఫ్రికాదేశపు జెనోపస్ అనే కప్ప పిండాలపై చేసిన ప్రయోగాలను ప్రకటించాడు. పిండంలో కొంత భాగాన్ని తొలిదశలోనే తొలగించి, మామూలుకంటె చిన్నవైన పిండాలను ఆయన పెంచాడు. కణజాలం తగ్గినందువల్ల ఖండాలు కూడ తగ్గుతాయని ఎవరైనా అనుకుంటారు. అలా జరగలేదు. ఖండాల సంఖ్య మామూలుగానే ఉన్నది, ఒక్కొక్క ఖండం మాత్రం చిన్నదయినది.

ఇన్ని కణాలకు ఒక ఖండం అనే లెక్క పిండంలో ఉంటే ఇది సాధ్యం కాదు. ఈ చిక్కును విడదీయటానికి కుక్, గణితశాస్త్రవేత్త క్రిస్టఫర్ జీమన్ కలిసి 1976లో ఒక ఊహను ప్రతిపాదించారు. పట్టీలోని ప్రతి కణంలోను ఒక గడియారం వంటి ఆవర్తక్రియ నడుస్తూ ఉంటుంది. అదే సమయంలో పరిణతి అనే ఒక తరంగాగ్రం తలవైపు నుంచి తోకవైపుకు మెల్లగా జరుగుతూ వస్తుంది. గడియారం ఒక చుట్టు తిరిగేలోగా తరంగాగ్రం దాటిన కణాలన్నీ కలిసి ఒక ఖండం అవుతాయి. చిన్నపిండంలో తరంగాగ్రం ఒక్కొక్క ఆవర్తంలో తక్కువ దూరం జరుగుతుంది కాబట్టి ఖండం చిన్నదవుతుంది. మొత్తం ఆవర్తాల సంఖ్య మారదు కాబట్టి ఖండాల సంఖ్యా మారదు.

ఇది ఆనాటికి కేవలం గణితకల్పన. అటువంటి గడియారం ఏ కణంలోనైనా ఉన్నట్లు ప్రత్యక్షప్రమాణం లేదు. ఆ ప్రమాణం లభించటానికి ఇరవై సంవత్సరాలు పైగా పట్టినది.

1997 నాటి ప్రయోగం

ఫ్రాన్సుదేశంలోని మార్సెయ్ నగరంలో ఒలివియే పూర్కియే ప్రయోగశాలలో పోర్చుగీసు పరిశోధకురాలు ఇసబెల్ పాల్మెయిరిమ్ కోడిపిండాలలో హెయిరీ అనే జన్యువును పరిశీలిస్తూ ఉన్నది. ఈ జన్యువు తొలుత పండ్ల ఈగలో గుర్తించబడినది. అందులో లోపం కలిగితే ఈగ శరీరం మీది రోమాల అమరిక మారటంవల్ల దానికి ఆ పేరు వచ్చినది. కోడిపిండంలో దీనికి సమానమైన జన్యువు ఎక్కడ క్రియాశీలంగా ఉన్నదో చూడగా, ఒకే వయస్సు గల పిండాలలోను వేరువేరు చిత్రాలు కనిపించినవి. కొన్నింటిలో తోకకొనలో వెడల్పుగా, కొన్నింటిలో నడుమ, కొన్నింటిలో ముందుకొనలో సన్నని చారగా ఆ జన్యువు కనిపించినది.

ఈ భేదం యాదృచ్ఛికమా, కాలకృతమా అని తేల్చటానికి చేసిన ప్రయోగం సరళమైనది. పిండాన్ని నడిమిగీత వెంట నిలువుగా రెండు సగాలు చేశారు. ఒక సగాన్ని వెంటనే స్థిరీకరించి ఉంచారు. రెండవ సగాన్ని కొంతసేపు పెరగనిచ్చి, తరువాత స్థిరీకరించి, రెండింటినీ పోల్చారు. కొద్దిసేపు పెరిగిన సగంలో చిత్రం మారినది. 90 నిమిషాలు పెరిగిన సగంలో మాత్రం చిత్రం మళ్ళీ మొదటివలెనే ఉన్నది, ఒక ఖండం అదనంగా చేరినది. జన్యుక్రియ ఆవర్తం, ఖండం ఏర్పడే వ్యవధి సరిగ్గా ఒక్కటే అని దీనివల్ల రుజువైనది. ఈ ఫలితం 1997 నవంబరులో సెల్ పత్రికలో వెలువడినది.

ఇక్కడ ఒక అపోహ కలగవచ్చు. తోక నుంచి ముందుకు కణాలు నడచిపోతున్నవని అనిపిస్తుంది. కాని కదిలేది కణాలు కావు. వరిచేను మీద గాలి వీచినప్పుడు అల పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోతుంది. మొక్క మాత్రం ఉన్నచోటనే ఊగుతుంది. అలాగే ప్రతి కణంలోను జన్యువు ఉన్నచోటనే వెలిగి ఆరుతుంది. వెలిగే సమయాలలో క్రమమైన తేడా ఉండటంవల్ల అది అలవలె కనిపిస్తుంది.

గడియారం లోపలి యంత్రాంగం

ఒక జన్యువు తనంత తానే వెలిగి, ఆరి, మళ్ళీ ఎలా వెలుగుతుంది? ఎలుకలో ఈ పనికి కేంద్రం హెస్-7 అనే జన్యువు. జన్యువు పని చేసినప్పుడు ముందుగా దానికి ఆర్.ఎన్.ఏ. అనే నకలు తయారవుతుంది. ఆ నకలును బట్టి ప్రోటీన్ తయారవుతుంది. హెస్-7 ప్రోటీన్ చేసే పని తన జన్యువునే మూసివేయటం. అయితే నకలు తీయటానికి, ప్రోటీన్ తయారవటానికి కొంత కాలం పడుతుంది. ఆ ఆలస్యంలో ప్రోటీన్ పోగుపడుతుంది. పోగుపడగానే జన్యువు మూతపడుతుంది. కొత్త ప్రోటీన్ రాదు, ఉన్నది త్వరగా నశిస్తుంది. అది నశించగానే జన్యువు మళ్ళీ తెరచుకొంటుంది. పూర్వం ఘడియలను కొలవటానికి నీటిపై తేలవేసిన చిల్లుగిన్నె నిండి మునగగానే, దానిని ఖాళీచేసి మళ్ళీ తేలవేసేవారు. నిండటానికి పట్టే ఆలస్యమే ఆ గడియారానికి ప్రాణం. ఇక్కడ గిన్నెను ఖాళీచేసే మనిషి లేడు. ప్రోటీన్ తనంత తానే నశించటం ఆ పని చేస్తుంది.

ఈ వివరణ ఊహ కాదని రెండు ప్రయోగాలు నిరూపించినవి. హెస్-7 ప్రోటీన్‌లో సగం నశించటానికి మామూలుగా సుమారు 20 నిమిషాలు పడుతుంది. జపానుదేశంలో కగెయామా బృందం ఆ వ్యవధి సుమారు 30 నిమిషాలు అయ్యేటట్లు ఎలుకలో స్వల్పమార్పు చేసినది. 2004లో ప్రకటించిన ఆ ఫలితం ప్రకారం, కొద్ది ఆవర్తాలకే లయ చెడి, తరువాతి ఖండాలు క్రమం తప్పినవి. ప్రోటీన్ చేయవలసిన పని చేయగలదు. నశించవలసిన వేళకు నశించకపోవటమే దోషం.

రెండవ ప్రయోగం పాఠపరిష్కరణ తెలిసినవారికి మరింత ఆసక్తికరం. జన్యువులో ఇంట్రాన్లు అనే భాగాలు ఉంటాయి. నకలులోకి అవి వచ్చినా, ప్రోటీన్ తయారీకి ముందే కత్తిరించబడతాయి. ప్రక్షిప్తాలని పరిష్కర్త తొలగించే పద్యాలవంటివి అవి. హెస్-7 నుంచి వాటిని ముందుగానే తీసివేస్తే ప్రోటీన్‌లో ఒక్క అక్షరం మారదు. అయినా 2011లో ప్రకటించిన పరిశోధనలో, ఇంట్రాన్లు లేని ఎలుకలలో ఆవర్తనం ఆగిపోయి, వెన్నుపూసలు అతుకుకొనిపోయినవి. ఆ భాగాలను వ్రాయటానికి, కత్తిరించటానికి పట్టే కాలమే గడియారానికి కావలసిన ఆలస్యం. అర్థం లేదనిపించిన పాఠభాగం కాలాన్ని ఇస్తున్నదని తేలినది.

కణాల మధ్య సమన్వయం

ఒక్కొక్క కణంలో గడియారం ఉన్నంత మాత్రాన ఖండం ఏర్పడదు. పక్కపక్క కణాలు ఒకే లయలో ఉండాలి. ఈ సమన్వయానికి సాధనం నాచ్ అనే సంకేతమార్గం. దీనిలో లోపమున్న ఈగల రెక్క అంచున గంటు కనిపించటంవల్ల ఈ జన్యువుకు ఆ పేరు వచ్చినది. నాచ్ అనేది కణం పైపొరలో నాటుకొని ఉండే గ్రాహకం. పక్క కణం మీది డెల్టా అనే ప్రోటీన్ దానిని తాకితే, నాచ్ లోపలిభాగం తెగి, కేంద్రకంలోకి పోయి, గడియారపు జన్యువులను ప్రేరేపిస్తుంది. ఈ విధంగా ఒక కణం వెలిగిన వార్త పక్క కణానికి అందుతుంది. కోలాటంలో ప్రతివారూ ఎవరి అడుగు వారు వేస్తూనే, పక్కవారి కోలతో తమ కోల తాకించటంవల్ల లయ తప్పకుండా ఉంటారు. కాయఖండాల కణాలదీ ఇదే పద్ధతి.

జర్మనీలోని ట్యూబింగెన్ నగరంలో జీబ్రాచేపలపై జరిగిన విస్తృత పరిశోధనలో లభించి, 1996లో ప్రకటించబడిన లోపాలలో ఒకదానికి ఆఫ్టర్ ఎయిట్ అని పేరు పెట్టారు. ఎనిమిది తరువాత అని దాని అర్థం. ఆ చేపపిల్లలలో మొదటి ఏడెనిమిది ఖండాలు చక్కగా ఏర్పడి, తరువాతివి అస్తవ్యస్తమవుతాయి. అందులోని లోపం డెల్టా జన్యువులలో ఒకదానిదని తరువాత తేలినది. దీని భావం సుబోధం. ప్రారంభంలో కణాలన్నీ ఒక్కసారిగా లయ అందుకొంటాయి. పక్కవారి కోల తగలకపోతే ఆ లయ కొంతకాలం నిలిచి, క్రమంగా ఒక్కొక్క కణం ఒక్కొక్క దారి పడుతుంది.

తరంగాగ్రం, సరిహద్దు

గడియారం ఎప్పుడు అనే ప్రశ్నకు సమాధానం చెబుతుంది. ఎక్కడ అనే ప్రశ్నకు మరొక వ్యవస్థ ఉన్నది. తోకకొనలో ఎఫ్.జి.ఎఫ్., వింట్ అనే రెండు సంకేతద్రవ్యాలు గాఢంగా ఉండి, ముందుకు పోయిన కొలది పలచబడతాయి. ఇవి గాఢంగా ఉన్నచోట కణాలు అపరిణతంగానే ఉంటాయి. ముందువైపు నుంచి విటమిన్ ఏ నుంచి తయారయ్యే రెటినోయిక్ ఆమ్లం వీటికి ఎదురు పనిచేస్తుంది. ఈ రెండు ప్రభావాలు తారసిల్లే చోటే కుక్, జీమన్ ఊహించిన తరంగాగ్రం. తోక పొడవు పెరుగుతూ ఉన్న కొలది ఆ సరిహద్దు కూడ వెనుకకు జరుగుతుంది.

2001లో పూర్కియే బృందం దీనికి ప్రమాణం చూపినది. ఎఫ్.జి.ఎఫ్.-8 పట్టించిన చిన్న పూసను కోడిపిండంలో ఉంచితే ఆ ప్రాంతంలో ఖండాలు చిన్నవయినవి. ఆ సంకేతాన్ని మందుతో అడ్డుకొంటే పెద్దవయినవి. గడియారం మారలేదు, సరిహద్దు జరిగే దూరం మాత్రం మారినది. కుక్ కప్పలలో చూచిన చిన్నఖండాలకు అనుగుణమైన ఫలితం ఇది.

తరంగాగ్రం దాటిన కణాలలో మెస్ప్-2 అనే జన్యువు మేల్కొని, ఖండం ముందుభాగాన్ని, వెనుకభాగాన్ని నిర్ణయిస్తుంది. ఈ భేదం చిన్నదిగా కనిపించినా దాని ఫలం గొప్పది. వెన్నుపాము నుంచి వెలువడే నాడులు ప్రతిఖండంలోను ముందుసగం గుండా మాత్రమే పోగలవు. వెనుకసగం వాటిని అడ్డుకొంటుంది. నాడులు సమాన దూరాలలో వరుసగా వెలువడటానికి ఇదే కారణం.

మరొక విశేషం, ఒక కాయఖండం నేరుగా ఒక వెన్నుపూస కాదు. ఒక ఖండం వెనుకసగం, దాని తరువాతి ఖండం ముందుసగం కలిసి ఒక పూస అవుతుంది. జర్మనీ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ రెమాక్ 1850 దశకంలోనే ఈ పునర్విభజనను ప్రతిపాదించాడు. దీనివల్ల కండరం ఒక పూస నుంచి తరువాతి పూసకు వంతెనవలె పడుతుంది. ఇటుకల కట్టుబడిలో ఒక వరుస అతుకు మీద మరొక వరుస అతుకు పడకుండా చూచినట్లే, ఎముకల కీలు, కండరపు సంధి ఒకేచోట పడకుండా ఈ ఏర్పాటు ఉన్నది. వెన్ను వంగగలగటం దీని ప్రయోజనం.

జాతిభేదం, కాలభేదం

పాముకు ఇన్ని పూసలు ఎందుకున్నవి అనే ప్రశ్నకు ఈ సిద్ధాంతం మంచి పరీక్ష. 2008లో పూర్కియే బృందం నేచర్ పత్రికలో ప్రకటించిన లెక్కలో కాయఖండాల సంఖ్య జీబ్రాచేపకు 31, కోడికి 55, ఎలుకకు 65, అమెరికాలోని కార్న్ స్నేక్ అనే పాముకు 315. పాముపిండంలో ఒక ఖండానికి సుమారు 100 నిమిషాలు పడుతుంది. ఇది ఎలుకకంటె కొంచెమే తక్కువ. కాని పాముపిండం పెరుగుదల మొత్తంమీద చాలా నెమ్మది. సమీపజాతి అయిన ఒక బల్లిలో ఒక ఖండానికి సుమారు నాలుగు గంటలు పడుతుంది. పెరుగుదలవేగంతో పోల్చి చూస్తే పాము గడియారం సుమారు నాలుగు రెట్లు త్వరగా నడుస్తున్నది. సంగీతంలో తాళం మారకుండానే, మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం పలికే చోట మూడవ కాలంలో నాలుగు స్వరాలు పలుకుతాయి. పాముశరీరంలో జరిగినది ఇటువంటిదే. ఒక ఆవర్తంలో సరిహద్దు జరిగే దూరం తక్కువ కాబట్టి ఖండాలు చిన్నవి, అనేకం.

మానవపిండంలో ఈ దశను ప్రత్యక్షంగా పరిశీలించటం సాధ్యం కాదు. అందుచేత మానవ మూలకణాలను పాత్రలో ఈ దశకు తెచ్చి, 2020లో పరిశోధకులు గడియారాన్ని కొలిచారు. దాని ఆవర్తం సుమారు ఐదు గంటలు, అనగా పన్నెండున్నర ఘడియలు. ఎలుకకు రెండు గంటలైతే మనిషికి ఐదు గంటలు ఎందుకన్న ప్రశ్నకు ఆశ్చర్యకరమైన సమాధానం వచ్చినది. ఎలుక కణాలలో మానవ హెస్-7 జన్యువును ఉంచినా గడియారం ఎలుక లయలోనే నడిచినది. భేదం ఆ జన్యువు అక్షరాలలో లేదు. ప్రోటీన్లు తయారయ్యే, నశించే వేగమే మానవకణంలో మందం. అంటే ఖండాల గడియారం కణం మొత్తం జీవనవేగానికి లోబడి ఉన్నది. 2023 నాటికి, మూలకణాల నుంచి పాత్రలోనే వరుసగా ఖండాలు ఏర్పరచే నమూనాలు కూడ సిద్ధమైనవి.

లయ తప్పినప్పుడు

ఈ పరిశోధనలో శాస్త్రకుతూహలం మాత్రమే కాక, కుటుంబాలకు సంబంధించిన ప్రయోజనం కూడ ఉన్నది. కొందరు శిశువులు పొట్టి మెడ, పొట్టి మొండెంతో పుడతారు. వారి వెన్నుపూసలు సగమేర్పడి గాని, ఒకదానితో ఒకటి అతుకుకొని గాని ఉంటాయి. పక్కటెముకలు కొన్ని కలిసిపోయి, రొమ్ముగూడు ఇరుకవుతుంది. కాళ్ళుచేతుల పొడవుకు లోపం ఉండదు. శైశవంలో శ్వాసకు కలిగే ఇబ్బందే వీరికి పెద్ద అపాయం. స్పాండిలోకాస్టల్ డిసాస్టోసిస్ అనే ఈ స్థితికి కారణమైన మొదటి జన్యువు 2000లో తెలిసినది. అది డెల్టా కుటుంబానికి చెందిన డి.ఎల్.ఎల్.-3. తరువాత మెస్ప్-2, నాచ్ సంకేతాన్ని సవరించే ఎల్.ఎఫ్.ఎన్.జి., హెస్-7 జన్యువుల లోపాలు కూడ కొన్ని కుటుంబాలలో గుర్తించబడినవి. కోడి, ఎలుక, చేపలలో గడియారపు భాగాలుగా తెలిసినవే మనిషిలో వ్యాధికారణాలుగా తేలినవి.

ఈ నాలుగింటిలోను వ్యాధి సాధారణంగా అంతర్గతరీతిలో సంక్రమిస్తుంది. అనగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపప్రతులు కలిసినప్పుడే వ్యాధి కనిపిస్తుంది. ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవారికి ఆ సంగతి తెలియనే తెలియదు. ఇద్దరూ అటువంటివారైతే ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. దగ్గరి బంధువులలో ఒకే లోపప్రతి ఉండే అవకాశం ఎక్కువ. తెలుగుదేశంలో మేనరికం ఆచారంగా వస్తున్న సంబంధం కాబట్టి ఈ విషయం ఇక్కడి కుటుంబాలకు దూరమైనది కాదు. ఒక బిడ్డకు ఇటువంటి లోపం కనిపించినప్పుడు దానిని తల్లి దోషంగానో, గ్రహణదోషంగానో భావించక, మరొక కాన్పుకు ముందే జన్యుసలహా పొందటం ఆ కుటుంబానికి మేలు.

అన్ని లోపాలకూ కారణం వంశపారంపర్యం కాదు. 2015లో చైనాలో జరిగిన ఒక పరిశోధన, పుట్టుకతో వచ్చే వెన్నువంపు గలవారిలో సుమారు పదింట ఒక వంతుకు టి.బి.ఎక్స్.-6 అనే జన్యువు మార్పులు కారణమని చూపినది. ఆస్ట్రేలియాలో శాలీ డన్‌వుడీ బృందం 2012లో మరొక సంగతిని వెల్లడించినది. గడియారపు జన్యువు ఒక ప్రతిలో మాత్రమే లోపమున్న ఎలుకపిండాలకు, ఖండాలు ఏర్పడే వేళ కొద్దిగంటలు ప్రాణవాయువు తగ్గిస్తే, పూసల లోపాలు అధికంగా కలిగినవి. జన్యువు, పరిసరం కలిసి ఒకే క్షణంలో పిండాన్ని తాకినప్పుడు కలిగే ఫలితం ఇది. ఆ క్షణం దాటితే అదే లోటు ఆ ఖండాలకు హాని చేయలేదు, ఎందువల్లననగా అవి అప్పటికే ఏర్పడిపోయి ఉంటాయి.

ముగింపు

ఇప్పుడు సుశ్రుతసంహితలోని వాదసభకు తిరిగి వస్తే, వెన్నెముక విషయంలో నిర్ణయం ఇలా ఉంటుంది. ఖండాలన్నీ ఏకకాలంలో సూక్ష్మంగా ఉండి తరువాత వ్యక్తం కావు; ఒకదాని తరువాత ఒకటిగా ఏర్పడతాయి. అందువల్ల యౌగపద్యవాదం ఇక్కడ నిలవదు. అయితే ఏదో ఒక అంగం ముందుగా పుట్టి మిగిలినవాటిని పుట్టిస్తుందనే పూర్వపక్షం కూడ నిలవదు. శిరస్సు వైపు ఖండం ముందు పుడుతుంది, కాని తరువాతి ఖండానికి అది కారణం కాదు. రెండింటికీ కారణం తోకకొన నుంచి సాగుతున్న ఒకే లయ.

దృష్టాంతం విషయంలో మాత్రం ప్రాచీనుల ఎన్నిక సార్థకం. వెదురును వారు ఏకకాలోత్పత్తికి ఉదాహరణగా తీసుకొన్నారు. పాములో 315, ఎలుకలో 65, మనిషిలో 42 నుంచి 44 జతల ఖండాలు ఎలా కలుగుతున్నవో ఆలోచిస్తే, వెన్నును వంశమని పిలిచినవారు కణుపుల వరుసను చక్కగా గమనించారని స్పష్టమవుతుంది. ఆ కణుపుకూ కణుపుకూ మధ్య దూరాన్ని నిర్ణయించేది కాలమని తెలియటానికి 1997 వరకు ఆగవలసి వచ్చినది. ప్రాచ్యకళాశాలలలో శారీరస్థానాన్ని బోధించేవారు ఆ అధ్యాయంలోని పూర్వపక్షసిద్ధాంతాలతో పాటు ఈ కాలనియమాన్ని కూడ విద్యార్థులకు తెలియజేస్తే, ఆ పాత ప్రశ్న ఎంత దూరం వచ్చినదో వారికి బోధపడుతుంది.